కాలికి ప్లేటు వేశాక ఇంట్లో మూడు నెలలు: మనసు మంచం పట్టకుండా ఏం చేయాలి?

కాకినాడ_ఫిజియో

మోకాలి కింది ఎముక చితికి ప్లేటు, స్క్రూలు పడ్డవారికి మామూలుగా 6 నుంచి 12 వారాలు ఆ కాలి మీద బరువు మోపనివ్వరు. డిశ్చార్జి కాగితంలో మందులు ఉంటాయి, కుట్లు విప్పే తేదీ ఉంటుంది, మోకాలు ఏ వారానికి ఎంత వంగాలో కూడా కొందరు రాసిస్తారు. రెండో వారం దాటాక మనిషి ఎవరితోనూ మాట్లాడకుండా ఫ్యాను కేసి చూస్తూ పడుకుంటే ఇంట్లోవాళ్ళు ఏం చేయాలో మాత్రం ఉండదు. వ్యాయామం మధ్యలో ఆపేసేవాళ్ళలో చాలామంది నొప్పికి ఆపరు, దిగులుకి ఆపుతారు. అందుకే ఈ థ్రెడ్. సొంత కథలు పక్కనపెట్టి, ఏం చేయాలో ఎలా చేయాలో రాయండి.

మొదట చోటు సంగతి. పగలూ రాత్రీ ఒకే మంచం మీద గడిపితే నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే అదే నొప్పి రెట్టింపు అనిపిస్తుంది. కాబట్టి రాత్రి మంచం వేరు, పగటి చోటు వేరు చేయండి. హాల్లో దివాన్ కాట్ చాలు. లేదా చేతులున్న గట్టి కుర్చీ, ఎదురుగా అంతే ఎత్తు స్టూలు. వీధి కనిపించే కిటికీ పక్కనైతే మరీ మంచిది. పొద్దున 7 గంటలకల్లా ముఖం కడిగి, రాత్రి బట్టలు మార్చి అక్కడికి చేరాలి. ఆ పూట వెలుతురు కంట పడితేనే రాత్రి వేళకి నిద్ర వస్తుంది. పగటి కునుకు మధ్యాహ్నం 3 లోపు, అరగంట మించకుండా.

దిండు విషయంలో ఒక హెచ్చరిక. మోకాలి కింద పెడితే హాయిగా ఉంటుంది, కానీ మోకాలు వంగినట్టే బిగుసుకుపోతుంది. పిక్క పొడవునా దిండ్లు పేర్చి మడమ దేనికీ ఆనకుండా ఉంచండి. ఆనితే అక్కడ పుండు పడుతుంది.

ఓరుగల్లు_తమ్ముడు

అన్నా, చోటు సంగతి అర్థమైంది. మనిషే "నాకేం చేయబుద్ధి అయితలేదు, నన్ను వదిలెయ్యిండ్రి" అంటే? బలవంతం చేయాల్నా, ఊకోవాల్నా?

మనోనేత్ర (క్లినికల్ సైకాలజిస్టు)

రెండూ వద్దు. దిగులుగా ఉన్న మనిషి "మనసు కుదుటపడ్డాక చేస్తాను" అంటాడు. కానీ పని మొదలైతేనే మనసు కుదుటపడుతుంది. బిహేవియరల్ యాక్టివేషన్ అనే చికిత్స అంతా ఈ ఒక్క విషయం మీదే నడుస్తుంది: మూడ్ చూసి కాదు, గడియారం చూసి పని మొదలుపెట్టాలి.

ఒక కాగితం గోడకి అంటించండి. రోజుకి మూడే పనులు. ఒకటి ఇంటికి పనికొచ్చేది, ఒకటి తనకి ఇష్టమైనది, ఒకటి ఇంకో మనిషితో కలిసి చేసేది. చిక్కుడుకాయల ఈనెలు తీయడం, కరెంటు బిల్లు ఫోన్‌లో కట్టడం, పిల్లలకి లెక్కలు చెప్పడం, పక్కింటి ఆయనతో క్యారమ్స్, ఏదైనా సరే. ఒక్కోటి 10 నుంచి 15 నిమిషాలు. పక్కన టైము రాయాలి. "పొద్దున" అని రాస్తే జరగదు, "10.30" అని రాస్తే జరుగుతుంది.

పనికి ముందు మూడ్‌కి 0 నుంచి 10 లోపు ఒక అంకె వేయించండి, అయ్యాక ఇంకొకటి. చాలాసార్లు 2 కాస్తా 4 అవుతుంది, అంతే. ఆ రెండు అంకెల తేడాని తన చేతిరాతలో తనే చూసుకోవడం కోసమే ఇదంతా. మనం ఎంత చెప్పినా రాని నమ్మకం అందులో వస్తుంది.

అడిగే తీరు మార్చండి. "చేస్తావా?" అంటే "చేయను" అని జవాబొస్తుంది. "ఇప్పుడు చేద్దామా, పావుగంట ఆగా?" అనండి. మరీ బాగాలేని రోజు పనిని సగానికి తగ్గించండి, సున్నా చేయకండి. బాగున్న రోజు ఉత్సాహంలో మూడింతలు చేయనివ్వకండి. మర్నాడు నొప్పి, వాపు వచ్చి రెండు రోజులు లేవరు, అప్పుడు "చూశారా, నావల్ల కాదు" అనే మాట బలపడిపోతుంది.

ఇందూరు_నర్సు

ఇళ్ళల్లో ఎవరూ పైకి చెప్పని విషయం బాత్రూమ్. ఎదిగిన మనిషిని ఇంకొకరు పట్టుకుని తీసుకెళ్ళాలంటే కలిగే చిన్నతనం మామూలుది కాదు. మాటిమాటికీ లేపాల్సి వస్తుందని నీళ్ళు తాగడం మానేస్తారు, రాత్రి అన్నం తగ్గిస్తారు. దానివల్ల మలబద్ధకం, మూత్రంలో మంట, నీరసం. చూసేవాళ్ళకి అది దిగులులా కనిపిస్తుంది. సగం సమస్య అక్కడే తీరుతుంది, ఇలా చేస్తే:

- కమోడ్ కుర్చీ సర్జికల్ షాపుల్లో అద్దెకు కూడా దొరుకుతుంది. రాత్రి మంచం పక్కన, బాగున్న కాలి వైపు పెట్టండి. మగవాళ్ళకి మూత్రం డబ్బా చేతికందే చోట, మూతతో.
- బాత్రూమ్ తలుపు దగ్గరకి వేయండి, గడియ వద్దు. లోపల చేతికి కార్డ్‌లెస్ కాలింగ్ బెల్ ఇవ్వండి. బయట నిలబడి "అయిందా, అయిందా" అని అడగకండి.
- స్నానానికి చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ, కింద రబ్బరు మ్యాట్, కాలు చాపడానికి స్టూలు. కట్టుకి రెండు పొరల ప్లాస్టిక్ కవరు, పైన టేపు. చెంబు మాత్రం వాళ్ళ చేతికే ఇవ్వండి. వీపు, దెబ్బకాలు మీరు చూడండి, మిగతాది వాళ్ళు చేసుకోగలరు.
- గుండె, కిడ్నీ జబ్బు లేనివారికి రోజుకి 2 లీటర్ల నీళ్ళు. ఎక్కువ భాగం సాయంత్రం 6 లోపే.

చంక కర్రలు పట్టుకుంటే రెండు చేతులూ నిండిపోతాయి, టీ గ్లాసు కూడా మోసుకోలేరు. మెడలో వేసుకునే సంచి ఒకటి, మూత బిగించే సీసా ఒకటి, పగటి చోటు దగ్గర ఫ్లాస్కు ఒకటి ఉంటే ప్రతి గుక్కకీ ఒకరిని పిలవక్కర్లేదు. తన టీ తను పోసుకున్న మనిషి ముఖం వేరుగా ఉంటుంది.

బెజవాడ_ఫార్మసిస్టు

మందుల వైపు నుంచి. ట్రమడాల్ ఉన్న నొప్పి బిళ్ళలు మత్తు, వికారం, మలబద్ధకం చేస్తాయి. నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబలిన్, గాబాపెంటిన్ మత్తుతోపాటు తల తిరిగేలా చేస్తాయి, కొందరిలో మూడ్‌ని కూడా మారుస్తాయి. "పొద్దంతా మబ్బుగా పడుంటున్నాడు" అన్నప్పుడు ముందు చీటీ తీసి చూడండి.

దానికంటే ఎక్కువగా తప్పిపోయేది ఇంకొకటి ఉంది. కొన్ని వారాలు వాడిన ట్రమడాల్‌ని "నొప్పి తగ్గిందిగా" అని ఒక్కసారిగా ఆపేస్తారు. మర్నాటి నుంచి చెమటలు, గుండెదడ, ఆందోళన, నిద్ర లేకపోవడం. ఇంట్లో అందరూ మనసు చెడిందనుకుంటారు, అది మందు ఆపిన బాధ. ప్రీగాబలిన్ కూడా అంతే. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

ఇప్పటికే డిప్రెషన్ మందు వాడుతున్నవారు ఆ సంగతి ఎముకల డాక్టరుకి చెప్పాలి. ట్రమడాల్‌తో కొన్ని కలిస్తే వణుకు, జ్వరం, కంగారు, గుండె వేగం పెరగడం జరగొచ్చు. అది ఎమర్జెన్సీ. నిద్ర పట్టట్లేదని ఇంట్లో ఎవరిదో ఆల్‌ప్రజోలం బిళ్ళ ఇవ్వడం మరీ ప్రమాదం, ట్రమడాల్‌తో కలిస్తే ఊపిరి మందగిస్తుంది. మద్యం తాగినా అదే కథ.

అలాగని నొప్పిని పళ్ళ బిగువున ఓర్చుకోవడం గొప్ప కాదు. వ్యాయామానికి 30 నుంచి 45 నిమిషాల ముందు, డాక్టరు రాసిన బిళ్ళ వేసుకుంటే మోకాలు వంచడం వీలవుతుంది. ఒక్కటి చూసుకోండి: ట్రమడాల్ కలిసిన బిళ్ళలో చాలాసార్లు పారాసెటమాల్ 325 మిల్లీగ్రాములు ఉంటుంది. దానిమీద మళ్ళీ 650 బిళ్ళలు వేసుకుంటూ పోతే రోజు మొత్తం ఎంతైందో లెక్క తెలియదు.

అనంత_గృహిణి

పరామర్శల గురించి ఎవరూ రాయలేదు. బత్తాయిలు, బ్రెడ్డు పట్టుకుని వస్తారు, కూర్చోగానే "ఎలా జరిగింది?" అంటారు. రోజుకి ఐదుగురొస్తే ఐదుసార్లు ఆ ప్రమాదం మళ్ళీ జరుగుతుంది. పైగా "మా వాళ్ళకీ ఇలాగే అయ్యి కుంటి వచ్చేసింది" అనేవాళ్ళు, "గ్రహచారం బాలేదు, శాంతి చేయించండి" అనేవాళ్ళు. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ మాటలన్నీ పడుకున్న మనిషి చెవిలోనే ఉండిపోతాయి.

ఇంట్లో ఒకరు ఫ్యామిలీ గ్రూపులో ఇలా పెట్టొచ్చు: "ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టరు కొన్ని వారాలు కాలు కింద పెట్టొద్దన్నారు. సాయంత్రం 5 నుంచి 6 మధ్య రండి. ప్రమాదం గురించి అడగకండి, ఊరి కబుర్లు చెప్పండి." వచ్చాక కూడా ఎవరైనా అడిగితే జవాబు పక్కనున్నవాళ్ళు ఒక్క ముక్కలో చెప్పేసి మాట మార్చాలి.

గోదారి_గట్టు

అమ్మా, టైము పెట్టి రమ్మంటే పల్లెల్లో నొచ్చుకుంటారు. పైగా మనుషుల రాకపోకలు ఆగిపోతే పడుకున్నవాళ్ళు ఇంకా ఒంటరైపోతారు. మొదటి పది రోజులు గుంపుగా వస్తారు, నెల దాటాక ఒక్కరూ రారు. అసలు దిగులు అప్పుడే పట్టుకుంటుంది. నన్నడిగితే మొదటి వారం వచ్చినవాళ్ళకే పని అప్పజెప్పాలి. "బాబాయ్, వచ్చే నెల ఆదివారాలు నువ్వు వచ్చి ఓ గంట కూర్చోవాలి, ఆ గంట పిన్ని బయటకెళ్ళి వస్తుంది" అంటే ఎవరూ కాదనరు. వచ్చేవాళ్ళ ముందు పడుకుని కాకుండా స్నానం చేసి కుర్చీలో కూర్చుంటే మాటలు కూడా వేరేగా నడుస్తాయి.

ఇంకొకటి. "పుత్తూరు కట్టు కట్టిస్తే ఈపాటికి నడిచేవాడు" అనే మాట తప్పకుండా వస్తుంది. ప్లేటు పడిన కాలికి మళ్ళీ బయట బిగించి కట్టు కట్టిస్తే వాపు, రక్తప్రసరణ సమస్యలు వస్తాయి. ఆ మాట విని ఆపరేషన్ చేయించుకోవడమే తప్పేమోనని కుమిలిపోయేవాళ్ళు ఉంటారు. వాళ్ళకి సూటిగా చెప్పాలి: కీలు ఉపరితలం చితికినప్పుడు దాన్ని సమంగా అమర్చడానికే ప్లేటు వేస్తారు, పై కట్టుతో ఆ పని కాదు.

ఇందూరు_నర్సు

@గోదారి_గట్టు గారూ, దానితోపాటే "పప్పు తింటే చీము పడుతుంది, వంకాయ వద్దు, గుడ్డు వద్దు" అనే పథ్యం కూడా. కుట్లు మానాలన్నా కండ నిలవాలన్నా ప్రొటీన్ కావాలి. కిడ్నీ జబ్బు లేకపోతే కిలో బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాములు. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములన్నమాట. గుడ్డుకి 6 గ్రాములే వస్తుంది, కాబట్టి పప్పు, పెరుగు, చేప, పల్లీలు అన్నీ పడాలి. చారన్నంతో నెల గడిపితే ఒంట్లో ఓపిక ఉండదు, ఇష్టమైన తిండి కూడా లేకపోతే మనసులో ఓపిక ఉండదు.

డల్లాస్_తెలుగు

ఒంటరిగా అపార్ట్‌మెంట్‌లో ఉండే మనవాళ్ళ కోసం ఒక మాట. అమ్మానాన్నలకి చెబితే కంగారుపడతారని దాచేస్తారు, దాంతో మాట్లాడేవాళ్ళే ఉండరు. రోజూ ఒకే వేళకి ఒకరికి వీడియో కాల్ పెట్టుకోండి, "ఎలా ఉంది" అని అడగడానికి కాదు, కలిసి ఏదైనా చేయడానికి. అక్కడ అమ్మ కూర తరుగుతుంటే ఇక్కడ మీరు మోకాలి వ్యాయామం చేయొచ్చు. ఆ వేళకి ఫోన్ ఎత్తకపోతే తలుపు తీసి చూడటానికి, తాళం చెవి ఉన్న ఒక మనిషి అదే ఊళ్ళో ఉండాలి.

మనోనేత్ర

@అనంత_గృహిణి గారి మాటకి శాస్త్రం కూడా తోడుంది. ప్రమాదం జరిగిన కొత్తలో మనిషిని కూర్చోబెట్టి జరిగిందంతా ఒకే విడతలో చెప్పించడం తర్వాతి మానసిక గాయాన్ని ఆపదని, కొందరికి కీడే చేస్తుందని తేలింది. తనంతట తను చెప్పుకుంటే వినండి, తవ్వకండి.

బండి ప్రమాదం తర్వాత మొదటి నెలలో పీడకలలు, హారన్ వింటే ఉలిక్కిపడటం సహజం, చాలామందిలో తగ్గిపోతాయి. నెల దాటినా ఆ దృశ్యం కళ్ళముందు తిరుగుతూ, ఆ రోడ్డు పేరెత్తితే తప్పించుకుంటూ, ఎప్పుడూ ఉలికిపాటుతో ఉంటే పీటీఎస్‌డీ (ప్రమాదం తర్వాత మానకుండా మిగిలిపోయే మానసిక గాయం) అయ్యుండొచ్చు. దానికి ప్రత్యేకమైన సీబీటీ (ఆలోచనల తీరు మార్చే మాటల చికిత్స), ఈఎండీఆర్ (కళ్ళ కదలికలతో చేసే చికిత్స) లాంటివి ఉన్నాయి, ధైర్యం చెబితే పోయేది కాదు.

రాత్రి భయం ఎక్కువైతే ఊపిరి: 4 అంకెలు లెక్కపెడుతూ పొట్ట నిండా పీల్చి, 6 అంకెలు లెక్కపెడుతూ వదలాలి, 5 నిమిషాలు. పగలు మామూలుగా ఉన్నప్పుడే రెండుపూటలా అలవాటు చేసుకోవాలి. కంగారు పట్టుకున్నాక కొత్తగా నేర్చుకోవడం కుదరదు.

అనంత_గృహిణి

మేడమ్, ఆడవాళ్ళ సంగతి వేరు. ఇంటి ఇల్లాలికి కాలు విరిగితే అత్తగారో కూతురో వంట చేస్తుంటే పడుకుని చూడటమే నరకం. "నావల్ల అందరికీ చాకిరీ" అని రెండో వారానికే ఒంటికాలి మీద గెంతుతూ స్టవ్ దగ్గరకి వెళ్తారు.

మనోనేత్ర

నిజం. అక్కడ "నువ్వు రెస్ట్ తీసుకో" అనే మాట పనిచేయదు, ఇంటి పెత్తనం లాక్కున్నట్టు ఉంటుంది. నిర్ణయాలు ఆవిడ దగ్గరే ఉంచండి: ఈరోజు ఏం వండాలి, పాల లెక్క, సరుకుల చీటీ, పనమ్మాయి జీతం. చేతుల పని వేరేవాళ్ళది. కూర్చుని చేసే పని అడిగితే ఇవ్వండి, స్టవ్ దగ్గర నిలబడే పని మాత్రం వద్దు. ఇంట్లో ఎవరు ఏం చేస్తారో పేర్లతో రాసి ఆవిడ చేతే చదివించండి. పని ఆగట్లేదని కళ్ళతో చూస్తేనే ఆ అపరాధభావం తగ్గుతుంది.

కాకినాడ_ఫిజియో

అర్ధరాత్రి ఫోన్‌లో "ఎముక అతుక్కోకపోతే" అని వెతకడం గురించి. ఆరు వారాల ఎక్స్‌రేలో విరిగిన గీత ఇంకా కనిపిస్తుంది. రిపోర్టులో ఆ మాట చదివి అతకలేదని ఏడ్చేవాళ్ళు ఉన్నారు. అతుకు మొదట మెత్తగా పడి తర్వాత గట్టిపడుతుంది, ఎక్స్‌రేలో కనిపించడం ఎప్పుడూ ఒక అడుగు వెనకే. చిన్న నోట్‌బుక్ పెట్టుకుని రాత్రి వచ్చే సందేహాలన్నీ అందులో రాసి, రివ్యూకి వెళ్ళేటప్పుడు ముఖ్యమైన ఐదు అడగండి. 9 తర్వాత ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్‌లో ఉండాలి.

కాలు కదపలేని రోజుల్లో మనసుతో చేసే వ్యాయామం కూడా ఉంది. 2014లో ఒహాయో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆరోగ్యవంతుల మణికట్టుకి నాలుగు వారాలు కట్టు వేసి ఉంచారు. కండరాన్ని గట్టిగా బిగిస్తున్నట్టు క్రమం తప్పకుండా ఊహించుకున్నవారిలో బలం తగ్గడం, ఊహించుకోనివారిలో తగ్గినదానికి దాదాపు సగమే. కళ్ళు మూసుకుని, 5 సెకన్లు తొడ కండరం బిగిస్తున్నట్టు, 5 సెకన్లు వదిలినట్టు, పది సార్లు. "నేనేమీ చేయలేకపోతున్నా" అనే మనిషికి ఇది చేయగలిగిన పని.

ఓరుగల్లు_తమ్ముడు

మామూలు బాధనా, డాక్టరుకు చూపియ్యాల్సినదా అని ఇంట్లోల్లకు ఎట్ల తెలుస్తది?

మనోనేత్ర

రెండు ప్రశ్నలు అడగండి. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి, సంతోషం లేకుండా ఎన్ని రోజులు గడిచాయి? దిగులుగా, ఆశ లేనట్టుగా ఎన్ని రోజులు? అసలు లేదంటే 0, కొన్ని రోజులంటే 1, సగం కంటే ఎక్కువ రోజులంటే 2, దాదాపు రోజూ అంటే 3. రెండూ కలిపి 3 గానీ ఆపైన గానీ వస్తే డాక్టరుతో మాట్లాడాలి. దీన్ని పీహెచ్‌క్యూ-2 అంటారు. తొమ్మిది ప్రశ్నల పెద్దది కూడా ఉంది, అందులో 10 గానీ ఆపైన గానీ వస్తే ఆలస్యం చేయకూడదు.

"నేను బతికి ఎవరికి ఉపయోగం" లాంటి మాట వస్తే నవ్వి తీసేయకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, మోసే బరువు తగ్గుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, మందుల డబ్బా మీ దగ్గర పెట్టుకోండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో చూసుకునేవాళ్ళు కూడా చేయొచ్చు.

తుంటి విరిగి ఆపరేషనైన పెద్దవాళ్ళు ఉన్నట్టుండి సాయంత్రం నుంచి తికమకగా మాట్లాడుతూ, మనుషుల్ని గుర్తుపట్టకపోతే అది దిగులు కాదు. ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం, మూత్రం బిగుసుకోవడం, కొత్త మందు, ఏదైనా కారణం కావచ్చు. ఆ రోజే చూపించాలి.

బెజవాడ_ఫార్మసిస్టు

డబ్బు బెంగ కూడా పెద్దదే కాబట్టి: ఈఎస్ఐ ఉన్నవారికి అర్హత ఉంటే అనారోగ్య సెలవుకి జీతంలో 70 శాతం, ఏడాదిలో 91 రోజుల వరకు వస్తుంది. పనిలో దెబ్బ తగిలితే 90 శాతం, పనికి వెళ్ళలేని కాలమంతా. మెడికల్ సర్టిఫికెట్లు వరుస తప్పకుండా తీసుకోవాలి. ఆ కాగితాల పని ఇంట్లో ఒకరు భుజాన వేసుకుంటే మంచం మీది మనిషికి రాత్రి నిద్ర పడుతుంది.

ఓరుగల్లు_తమ్ముడు

చివరి ప్రశ్న అన్నా. డాక్టరు 20 కిలోల బరువు మోపొచ్చు అన్నా, ప్లేటు విరుగుతదేమో అని కాలు నేలకు ఆనియ్యని మనిషికి ఏం చేయాలె?

కాకినాడ_ఫిజియో

ఇది చాలామందికి వచ్చే భయం. భయపడి మోపకపోతే కండ కరుగుతుంది, కండ కరిగితే మోపినప్పుడు కాలు వణుకుతుంది, ఆ వణుకు చూసి ఇంకా భయం. మాటలతో పోదు, అంకెతో పోతుంది.

బరువు తూచే బాత్రూమ్ మిషన్ ఒకటి తెచ్చుకోండి. వాకర్ పట్టుకుని నిలబడి, దెబ్బకాలు మిషన్ మీద, మంచి కాలు అంతే ఎత్తు చెక్క మీద పెట్టాలి. మెల్లగా ఒత్తుతూ ముల్లు 5 దగ్గర ఆపి, మూడు శ్వాసలు. తర్వాత 10, 15, 20. పదిసార్లు. రెండో రోజు కిందికి చూడకుండా 20 అనిపించేదాకా ఒత్తి, అప్పుడు పక్కనున్నవాళ్ళు అంకె చదవాలి. మొదట్లో చాలామంది 8 దగ్గరే 20 అనుకుంటారు, ఆ తేడా తెలిసినప్పుడే భయం సడలుతుంది. ప్రతిసారీ భయానికి కూడా 10లో ఒక అంకె వేయించండి. 3కి దిగాకే వాకర్‌తో అడుగులు.

చాన్నాళ్ళు ఎత్తి ఉంచిన పాదం కిందికి దించగానే ఊదా రంగుకి తిరుగుతుంది, నిండినట్టు అనిపిస్తుంది. ఇంట్లోవాళ్ళు హడలిపోయి మళ్ళీ పడుకోబెట్టేస్తారు. పైకెత్తిన కొద్ది నిమిషాల్లో రంగు సర్దుకుంటే మామూలే. మొదట 5 నిమిషాలు దించి, రోజురోజుకీ పెంచండి. పిక్క ఒకవైపే నొప్పిగా, వేడిగా వాచి, ఎత్తినా తగ్గకపోతే మాత్రం రక్తం గడ్డకట్టిందేమో అదే రోజు చూపించాలి. దానికి ఆయాసం, ఛాతీలో నొప్పి తోడైతే 108కి ఫోన్ చేయండి.

మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రలూ దెబ్బకాలూ ముందు. మొదటిసారి రెండు మెట్లు చాలు. పక్కనుండేవాళ్ళు చెయ్యి పట్టుకుని లాగకూడదు, నడుముకి బెల్టో తుండుగుడ్డో కట్టి, అది పట్టుకుని, ఎక్కేటప్పుడు వెనక, దిగేటప్పుడు ముందు, ఒక మెట్టు కింద నిలబడాలి.